మీకు తెలుసా? ఎండ సరిపడని ప్రిములా

ప్రిములాలో నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం హిమాలయాల్లోను, వాటిని ఆనుకున్న పశ్చిమ చైనా కొండల్లోను పుట్టినవే. కొన్ని ఐరోపా అడవులవి, కొన్ని ఆల్ప్స్ రాళ్లవి. ఎక్కడివైనా పట్టింపు మాత్రం ఒక్కటే: వేళ్లు చల్లగా ఉండాలి. వీటి పెంపకంలో తోటమాలులు చెప్పే నియమాలు విడివిడిగా వింటే చాదస్తం అనిపిస్తాయి. పుట్టిన చోటు ఎలాంటిదో తెలిస్తే దాదాపు ప్రతిదానికీ కారణం దొరుకుతుంది.

బదరీనాథ్ దారిలోనే

బదరీనాథ్ వెళ్లే తెలుగు యాత్రికుల బస్సులు జోషీమఠ్ దాటాక గోవింద్‌ఘాట్ మీదుగా పోతాయి. అక్కడ పక్కకు తిరిగి ఘాంఘరియా దాకా కొండెక్కితే పువ్వుల లోయ జాతీయ ఉద్యానం దగ్గరే. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది. 1938లో ఆయన రాసిన పుస్తకంతో ఆ పేరు లోకమంతా పాకింది. ఇప్పుడు జనం ఎక్కువగా వెళ్లేది జులై, ఆగస్టుల్లో. అప్పటికి అక్కడి ప్రిములాల్లో చాలావాటి పూత అయిపోతుంది. మంచు కరగ్గానే, పక్క మొక్కలు ఏపుగా లేచి కమ్మేసేలోపే పూసి విత్తనం కట్టుకోవడం వీటి పద్ధతి. వీటి కోసమే వెళ్లేవారు జూన్‌లో వెళ్లాలి.

తడి ఉండాలి, నీరు నిలవకూడదు

కరిగిన మంచు నీరు వాలున పారిపోతుంది గానీ ఒకచోట నిలవదు. ప్రిములాకు కావలసింది అలాంటి తడే. నేల ఎండితే ఆకులు వాలిపోతాయి, మురుగు పడితే మొదలు కుళ్లిపోతుంది. బాగా చివికిన ఆకు ఎరువు దండిగా కలిపితే నేల తడిని పట్టి ఉంచుతూనే, మిగులు నీటిని వదిలేస్తుంది. ఇక చోటు విషయానికొస్తే, శీతాకాలంలో ఆకు రాల్చే చెట్టు కింద నాటడం మేలు. పూత సమయానికి కొమ్మలు మోడుగా ఉండి వెలుతురు దిగుతుంది, వేసవి ముదిరేసరికి చిగురు పరుచుకుని నీడ పడుతుంది. ఆల్ప్స్ రాతి సందుల్లో పుట్టిన ఆరిక్యులా సంగతి వేరు. దానికి గరుకు ఇసుక కలిపిన మట్టి కావాలి, చలికాలంలో నీళ్లు బాగా తగ్గించాలి.

డార్విన్‌ను మురిపించిన పువ్వు

ప్రిములాల్లో ఒకటైన ప్రిమ్‌రోజ్ పువ్వును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. అయిదు రేకులూ కలిసే చోట చిన్న రంధ్రం ఉంటుంది. కొన్ని మొక్కల పువ్వుల్లో ఆ రంధ్రంలోంచి లేత ఆకుపచ్చ గుండుసూది తలలాంటిది తొంగిచూస్తుంది. అది కీలాగ్రం. కేసరాలేమో కింద, గొట్టం మధ్యలో ఉంటాయి. మరికొన్ని మొక్కల్లో అంతా తారుమారు: పుప్పొడి నిండిన అయిదు కేసరాలు రంధ్రం దగ్గర గుమిగూడి ఉంటాయి, కీలాగ్రం గొట్టం మధ్యలో ఆగిపోతుంది. ఒక మొక్కకు పూసే పువ్వులన్నీ ఒకే తీరు.

తోటమాలులు ఈ తేడాను ఎప్పుడో గమనించారు. దాని అర్థం విప్పింది మాత్రం చార్లెస్ డార్విన్. 1861 నవంబరులో లండన్‌లోని లినియన్ సొసైటీలో చదివిన పత్రం 1862లో అచ్చయింది. ఒక తీరు పువ్వు పుప్పొడి రెండో తీరు పువ్వుకు చేరినప్పుడే విత్తనం దండిగా కడుతుందని విత్తనాలు లెక్కపెట్టి, తూచి మరీ చూపించారాయన. తేనె కోసం వచ్చిన పురుగు తొండానికి ఏ ఎత్తున పుప్పొడి అంటుతుందో, రెండో తీరు పువ్వులో ఇంచుమించు అదే ఎత్తున కీలాగ్రం ఉంటుంది. తనకు ఇంత సంతోషమిచ్చిన చిన్న ఆవిష్కరణ మరొకటి లేదని డార్విన్ ఆత్మకథలో చెప్పుకున్నారు. తోట పెంచేవారికి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. విత్తనం కావాలంటే రెండు తీర్ల మొక్కలూ పక్కపక్కన ఉండాలి. నర్సరీలో రంగు చూసి మురిసిపోయే ముందు పువ్వులోకి ఓసారి తొంగిచూసి కొనండి.

రేకులు లాగేస్తే సగం పని అయినట్టే

1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఫ్లోరెన్స్ బెల్లిస్ అనే పియానో కళాకారిణి ఒక పాత కొట్టంలో కాపురముంటూ ప్రిములాల పెంపకం మొదలుపెట్టారు. అదే తర్వాత బార్న్‌హేవెన్ విత్తనాలుగా పేరుపడింది. పురుగుల మీద వదిలేయకుండా చేత్తోనే పుప్పొడి అంటించి ఆమె కొత్త రంగులు సాధించారు. ఈ పని ప్రిములాలో సులువు. కేసరాలు రేకుల గొట్టానికే అతుక్కుని ఉంటాయి కాబట్టి, విచ్చుకోబోయే మొగ్గ నుంచి ఆ గొట్టాన్ని మెల్లగా లాగేస్తే అవీ దాంతోపాటే ఊడొస్తాయి. కీలం ఒక్కటే మిగులుతుంది. దానికి మనకు నచ్చిన మొక్క పుప్పొడి తాకిస్తే సరిపోతుంది. రంగు రేకులు లేని పువ్వు జోలికి పురుగులు పెద్దగా రావు. బెల్లిస్ రకాలు 1966లో ఇంగ్లండ్‌కు, 1990లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చేరాయి.

విత్తనం మీద మట్టి కప్పొద్దు

ప్రిములా విత్తనం మిల్లీమీటరు పాటిది. మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. తడి మట్టి మీద చల్లి, వేలితో తేలిగ్గా అదిమి వదిలేయాలి. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో బాగా మొలుస్తుంది. 20 దాటితే చాలా విత్తనాలు మొండికేస్తాయి. త్వరగా మొలవాలని ట్రేను హీటరు పక్కన పెడితే ఫలితం అడ్డం తిరుగుతుంది. పాత ప్యాకెట్ల కన్నా ఆ ఏడు కోసిన విత్తనం నయం. అడవిలో ప్రిమ్‌రోజ్ విత్తనాలను నాటేది చీమలు. విత్తనానికి అంటుకుని ఉండే కొవ్వు తునక కోసం వాటిని మోసుకుపోతాయి, తునక తినేసి విత్తనాన్ని వదిలేస్తాయి.

మూడేళ్లకోసారి విడదీయాలి

ప్రిమ్‌రోజ్, పాలీయాంథస్ అనే ప్రిములా మొక్కలు ఏటికేడు మొదట్లోంచి పైకి పెరుగుతూ నేల మీదికి తేలిపోతాయి. కొత్త వేళ్లు పుట్టే మెడ భాగం గాలికి ఎండి, పూత చిన్నదవుతుంది. రెండు మూడేళ్లకోసారి, పూత అయిపోయిన వెంటనే మొక్కను వేళ్లతో సహా తవ్వి తీయాలి. మట్టి దులిపి బకెట్ నీళ్లలో కడిగితే ఏ పిలక ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. కత్తితో పని లేకుండా చేత్తోనే విడిపోతాయి. ముదిరి చెక్కబారిన అడుగు భాగాన్ని తుంచి పారేయాలి, పెద్ద ఆకులను సగానికి కత్తిరించాలి. ఆ తర్వాత పిలకను ఆకుల మొదలు దాకా మట్టిలో దించి నీడలో నాటాలి. వేర్లు పట్టేదాకా నేల ఆరనీయకూడదు.

వేరు ముక్క నుంచీ మొక్క

హిమాలయాల్లో విరివిగా కనిపించే ప్రిములా డెంటిక్యులేటా ఊదా రంగు పూలన్నీ కాడ చివర గుండ్రంగా ముద్దకట్టి పూస్తుంది. చలికాలంలో ఆకులు పోయి నేల మట్టాన లావాటి మొగ్గ మాత్రం మిగులుతుంది. ఆ సమయంలో దీని మందపాటి వేళ్లను కొన్నింటిని కోసి, రెండంగుళాల ముక్కలు చేసి, పై కొస పైకే ఉండేలా ఇసుక మట్టిలో గుచ్చితే వసంతానికి చిగురిస్తాయి. నచ్చిన రంగు మారకుండా మొక్కలు పెంచుకోవడానికి ఇది మంచి మార్గం. విత్తనంతో పెంచితే రంగు మారిపోవచ్చు.

పువ్వులకు రంగస్థలం

ఆరిక్యులా రకాల్లో చాలావాటి ఆకుల మీద, పువ్వు మధ్య తెల్లటి పిండి ఉంటుంది. సూక్ష్మమైన గ్రంథి కేశాలు స్రవించే ఈ పిండిలో ప్రధానంగా ఉండేది ఫ్లేవోన్ అనే పదార్థం. ఒక్క వాన చినుకు పడితే చార కడుతుంది, వేలు తగిలితే ముద్ర పడుతుంది. ఇంగ్లండ్‌లో పందాలకు వీటిని పెంచినవారు కుండీలను పైకప్పున్న మెట్ల అరల్లో వరసగా పేర్చి చూపేవారు. వాటికి ఆరిక్యులా థియేటర్లని పేరు. డెర్బీషైర్‌లోని కాల్క్ అబీ తోటలో అలాంటిది నేటికీ ఉంది. లాంకషైర్ చేనేత కార్మికులు ఈ పూల పెంపకంలో ఆరితేరినవారు. ఆ పిండి చెదరకుండా, వీటికి నీళ్లు పోసేటప్పుడు చెంబు మూతి కుండీ అంచుకు ఆనించి మట్టి మీదే పోయాలి.

తెల్లారేసరికి వాలిపోతే

నిన్నటిదాకా బాగున్న కుండీ మొక్క నీళ్లు పోసినా వాలిపోయిందంటే, కాస్త పట్టి లాగి చూడండి. మట్టిలోంచి తేలిగ్గా ఊడొస్తే అది వైన్ వీవిల్ అనే ముక్కు పురుగు పని. రాత్రిపూట పెద్ద పురుగు ఆకు అంచులను గాట్లుగా కొరుకుతుంది. గోధుమ రంగు తల, తెల్లటి ఒంపు ఒళ్లు ఉన్న దాని పిల్లలు శరదృతువు నుంచి వసంతం దాకా వేళ్లు తింటాయి. ఆకు అంచున గాట్లు కనిపించినప్పుడే మేల్కోవాలి. వేసవి చివర, మట్టి ఇంకా వెచ్చగా ఉండగానే, ఇందుకోసమే అమ్మే నులిపురుగులను నీళ్లలో కలిపి పోస్తారు. పూల విషయంలో మరో దొంగ ఉంది: పిచ్చుక. ముఖ్యంగా పసుపు పచ్చని ప్రిమ్‌రోజ్ పూలను ముక్కలు ముక్కలుగా తుంచిపోస్తుంది.

అందంగానే ఉంటుంది, తాకితే దురద

కిటికీల్లో కుండీ మొక్కగా పేరున్న ప్రిములా ఆబ్కోనికా ఆకుల సన్నటి నూగులో ప్రిమిన్ అనే రసాయనం ఉంటుంది. పడనివారికి వేళ్ల మీద, ముఖం మీద దురద, పొక్కులు వస్తాయి. ఎండిన ఆకులు గిల్లేటప్పుడు, కుండీ మార్చేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి. ప్రిమిన్ లేని రకాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు అడగండి. ఈ మొక్కను 1870ల చివర చైనా నుంచి ఇంగ్లండ్‌కు పంపింది చార్లెస్ మేరీస్ అనే సేకర్త. ఆయన తర్వాత మన దేశానికి వచ్చి దర్భంగా, గ్వాలియర్ మహారాజుల తోటలు చూశారు, మామిడి రకాల మీద పనిచేశారు.

గొడ్డు మొక్కకు సంతానం

19వ శతాబ్ది చివర లండన్‌లోని క్యూ ఉద్యానంలో, హిమాలయాల ప్రిములా ఫ్లోరిబండా నారులో ఒక వింత మొక్క కనిపించింది. అరేబియా ప్రాంతపు ప్రిములా వెర్టిసిలేటాతో దానంతటదే కలిసి పుట్టిన సంకరం అది. పూసేది గానీ విత్తనం కట్టేది కాదు. కొన్నేళ్లకు దాని ఒక కొమ్మలో క్రోమోజోములు 18 నుంచి 36కు రెట్టింపయ్యాయి. ఆ కొమ్మ పూలు విత్తనం కట్టాయి. కొత్త జాతి కళ్ల ముందే ఎలా పుడుతుందో చెప్పడానికి వృక్షశాస్త్ర పుస్తకాలు నేటికీ ఈ ప్రిములా క్యూయెన్సిస్‌నే ఉదాహరణగా ఇస్తాయి.

బ్రహ్మపుత్ర ఎగువ నుంచి

1924లో మొక్కల సేకర్త ఫ్రాంక్ కింగ్డన్ వార్డ్ ఆగ్నేయ టిబెట్‌లోని సాంగ్‌పో పరీవాహకంలో తిరిగారు. ఆ సాంగ్‌పోయే కిందికి దిగి బ్రహ్మపుత్ర అవుతుంది. అక్కడి వాగుల ఒడ్డున దొరికిన భారీ పసుపు ప్రిములాకు భార్య ఫ్లోరిండా పేరు పెట్టారు. మీటరుకు పైగా లేచే కాడలు, వేలాడే సువాసన పూలు. వసంతపు ప్రిములాలు అలసిపోయాక నడి వేసవిలో పూస్తుంది. తోటలో ఎప్పుడూ చిత్తడిగా ఉండే మూల ఏదైనా ఉండి, అక్కడ ఏదీ బతకడం లేదంటే దానికి సరైన మొక్క ఇదే.

ఏప్రిల్ 19

విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించేందుకు 1876లో చట్టం తెచ్చిన ప్రధాని డిజ్రేలీ 1881 ఏప్రిల్ 19న కన్నుమూశారు. ఆయనకు ఇష్టమని రాణి ప్రిమ్‌రోజ్ పూలదండ పంపింది. ఆ రోజును అభిమానులు ప్రిమ్‌రోజ్ దినంగా జరిపారు. 1883లో ఆ పూవు పేరుతోనే రాజకీయ సంఘం కూడా వెలిసింది. ఇక అడవి ప్రిమ్‌రోజ్ చూసి ముచ్చటపడే, బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. 1981 నాటి చట్టం ప్రకారం, స్థలం యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను వేళ్లతో పెకలించడం నేరం.

మందుల షాపు నూనెకు సంబంధం లేదు

ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె మాత్రలు ప్రిములా నుంచి తీసినవి కావు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అంటే అమెరికా ఖండంలో పుట్టిన ఈనోథీరా అనే వేరే కుటుంబపు మొక్క. సాయంత్రం విచ్చుకుంటుంది, ఎండనూ తట్టుకుంటుంది.

మన దగ్గర పెరుగుతుందా?

లండన్‌లోనో సియాటిల్‌లోనో ఉన్నవాళ్లు జనవరిలో సూపర్ మార్కెట్లో కొన్న ప్రిమ్‌రోజ్‌ను పూత అయ్యాక పారేయకుండా పెరట్లో నీడపట్టున నాటితే ఏటా పూస్తుంది. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లకు ఆ ఆశ వద్దు. అక్కడి వేసవిని అది దాటలేదు. ఇలాంటి చోట్లకు ప్రిములా మాలకాయిడిస్ నయం. ఎలాగూ ఒక్క సీజన్‌కే పెంచే మొక్క అది. వేసవి మరీ ముదరని కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో దాన్ని చలికాలపు పూల మడుల్లో వేస్తారు. చలి మొదలయ్యాక కుండీ తెచ్చుకుని, ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు బాల్కనీలో పెట్టి, మట్టి ఆరకుండా చూసుకోండి. వాడిన పూలను ఎప్పటికప్పుడు గిల్లేస్తే పూత ఇంకొంత కాలం సాగుతుంది. ఎండలు ముదిరి మొక్క వాలిపోతే మీ పెంపకంలో లోపం వెతుక్కోనక్కర్లేదు. దాన్ని కంపోస్టులో వేసి, ఆ కుండీలో ఎండకు ఓర్చే బంతి నారు పెట్టుకోండి.