ఏదుపంది చలికాలం నిద్రపోదు

జంతువులు చలికాలమంతా నిద్రపోతాయన్న పాఠం చెప్పగానే, మా పిల్లలు ఏదుపందినీ ఆ జాబితాలో రాసేస్తున్నారు. ఒడియాలో ఝింక అనేది దీన్నే. ఐరోపా బ్యాడ్జర్ కొవ్వు కూడబెట్టుకుని బొరియలో రోజుల తరబడి మగతగా పడుంటుంది. నిజానికి దానిదీ పూర్తి నిద్ర కాదు. కొట్‌పాడ్ చలికి ఏదుపందికి ఆ అవసరమే లేదు. పగలు కుటుంబంతో బొరియలో ఉంటుంది, చీకటి పడ్డాక దుంపలకూ వేళ్లకూ బయల్దేరుతుంది. బొరియ దగ్గర కొరికిన ఎముకలుంటే ఆశ్చర్యపోకండి: పళ్లు అరగదీసుకోవడానికీ, కాల్షియం కోసమూ తెచ్చుకుంటుంది. ముళ్లు విసరదు గానీ, బెదిరితే వెనక్కి దూసుకొచ్చి గుచ్చుతుంది. అందుకే బొరియలో చెయ్యి, కర్ర పెట్టొద్దని మేము బడిలో చెబుతున్నాం, మీరు ఇంట్లో చెప్పండి. దూరం నుంచి చూసి బొమ్మ గీసుకు రమ్మనండి, తరగతి గోడకు అంటిస్తాం.