బజ్జీల పొయ్యికి గాలి ఎవరు పోస్తారు?

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నడుస్తుంటే మిర్చి బజ్జీల బండ్లు తగులుతాయి. మూకుడు కింద గ్యాస్ పొయ్యి బుస్సుమంటూ ఉంటుంది. ఒకసారి వంగి చూడండి. పైపు చివర ఇత్తడి జెట్టు, దానికి గుండుసూది దూరేంత బెజ్జం. ఎదురుగా కాస్త ఎడంగా ఒక ఇనుప గొట్టం. మధ్యలో సందు తెరిచే ఉంటుంది. అయినా గ్యాస్ ఆ సందులోంచి బయటికి పోదు, బయటి గాలినే వెంటేసుకుని గొట్టంలోకి దూరుతుంది. ఫ్యాన్ లేదు, పంపు లేదు. మన సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా బ్యూటేన్, ప్రొపేన్. పూర్తిగా మండాలంటే బ్యూటేన్‌కి తన ఘనపరిమాణానికి 31 రెట్లు, ప్రొపేన్‌కి 24 రెట్లు గాలి కావాలి. అందులో సగానికి అటూ ఇటూ ఈ సన్నటి ధారే లాక్కొస్తుంది.

ఎలా అని ఇక్కడి కోచింగ్ సెంటర్ల పిల్లల్ని అడిగితే టక్కున బెర్నౌలీ పేరు చెబుతారు. వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, అందుకే గాలి లోపలికొస్తుంది అంటారు. ఈ జవాబు బాగా పాతుకుపోయింది కానీ సరైనది కాదు. జెట్టు దాటి ఆరుబయటికొచ్చిన ధారలో పీడనం దాదాపు చుట్టూ ఉన్న గాలిలో ఎంతో అంతే. సిలిండర్ ఒత్తిడితో వేగం తెచ్చుకున్న గ్యాస్‌ని, పక్కన ఊరికే నిలబడ్డ గాలితో పోల్చడానికి ఆ సూత్రం పనికిరాదు.

అసలు పని అంచు దగ్గర జరుగుతుంది. పరుగెత్తే గ్యాస్‌కీ, నిలబడ్డ గాలికీ మధ్య అంచు నున్నగా ఉండదు, సుడులు తిరుగుతుంది. ప్రతి సుడీ కొంత గాలిని ధారలో కలిపేసుకుంటుంది. సిటీ బస్సులోంచి తోసుకుంటూ దిగిన గుంపు పక్కనున్నవాళ్లనీ నాలుగడుగులు ఈడ్చుకుపోయినట్టు. గాలి అలా తరలిపోయిన చోట పీడనం రవ్వంత పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి వెనకున్న గాలి కదిలొస్తుంది. పీడనం తగ్గడం ఇక్కడ ఫలితమే తప్ప మూలకారణం కాదు.

గాలి చేరేకొద్దీ ధార బరువెక్కుతుంది, వేగం తగ్గుతుంది. మొత్తం ద్రవ్యవేగం మాత్రం మారదు. ధార ఎంత గాలిని కలుపుకుంటుందో రికో, స్పాల్డింగ్ అనే పరిశోధకులు 1961లో కొలిచి చూపారు. ధారా, చుట్టూ ఉన్నదీ ఒకే వాయువైతే, బెజ్జం వ్యాసానికి 30 రెట్ల దూరంలో ధార మోసే ద్రవ్యరాశి దాదాపు పది రెట్లవుతుంది. 1 మిల్లీమీటరు బెజ్జానికి ఆ దూరం 3 సెంటీమీటర్లే! మీ ఊపిరితోనూ ఇది చూడొచ్చు, పొడవాటి ప్లాస్టిక్ సంచి తీసుకోండి. మూతి పెదవులకు ఆనించి ఊదితే చాలాసార్లు ఊదాలి. సంచి మూతి బాగా తెరిచి, జానెడు దూరం నుంచి ఊదితే ఒక్క ఊపిరికే చాలావరకు ఉబ్బుతుంది.

గొట్టం దగ్గర గాలి దూరే సందు లేదా కంతలు నూనె జిడ్డుతో పూడుకుపోతే మంట పసుపెక్కి మూకుడు మసి పట్టేది ధారకు గాలి అందకే. ఇక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా అద్దె గదుల్లో 5 కిలోల సిలిండర్ మీద వండుకునే విద్యార్థులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్‌ని పుట్టిస్తుంది. అది ప్రాణం తీసే వాయువు, రంగూ వాసనా ఉండవు. మంట పసుపుగా మారితే పొయ్యి కట్టేసి కిటికీ తీయాలి, చల్లారాక గాలి కంతలు బ్రష్‌తో శుభ్రం చేయాలి. జెట్టు బెజ్జాన్ని మాత్రం పిన్నుతో కెలకకూడదు. బెజ్జం పెద్దదైతే గ్యాస్ ఎక్కువ వస్తుంది, గొట్టం మాత్రం అంతే ఉంటుంది కాబట్టి దానికి తగ్గ గాలి అందదు.