శిశువుల మూత్రపిండ లోపాలు - చిన్న కోత శస్త్రచికిత్స: చోడవరం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

గర్భిణికి ఐదవ నెలలో చేసే స్కానింగులో శిశువు మూత్రపిండం ఉబ్బినట్లు కనిపించడం నేడు అరుదు కాదు. నూటికి ఒకరిద్దరు గర్భస్థ శిశువులలో ఇది కనిపిస్తుంది. హైడ్రోనెఫ్రోసిస్ అనే ఈ స్థితి వ్యాధి కాదు, ఒక సూచన మాత్రమే. ఎక్కువ మందిలో కాలక్రమేణా తనంతట తానే సర్దుకుంటుంది. మిగిలినవారిలో ప్రధాన కారణం, మూత్రపిండ ద్రోణి మూత్రనాళంతో కలిసే చోట పుట్టుకతో ఏర్పడిన ఇరుకు. ఇది మగశిశువులలోనూ ఎడమవైపునా అధికం.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. మూత్రపిండం నుండి మూత్రాశయానికి పోయేది మూత్రనాళం. మూత్రాశయం నుండి వెలుపలికి వచ్చేది ప్రసేకం. పత్రికలు రెండింటినీ మూత్రనాళమనే వ్రాస్తున్నాయి. అడ్డంకి ఎక్కడుందన్న దానిపైనే చికిత్స ఆధారపడుతుంది కనుక ఈ కలగలుపు చిన్న దోషం కాదు. మగశిశువుకు రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉంటే ప్రసేకంలో అడ్డుపొరలు ఉన్నాయేమోనని వెంటనే పరీక్షించాలి. అక్కడ వేచిచూడడం ప్రమాదకరం. ఆ పొరలను పొట్టపై కోత లేకుండా ఎండోస్కోపు ద్వారానే ఛేదిస్తారు.

ద్రోణి వద్ద ఇరుకుకు చేసే శస్త్రచికిత్స పైలోప్లాస్టీ. ఇరుకు భాగాన్ని తొలగించి, ఆరోగ్యవంతమైన అంచులను తిరిగి కలిపే పద్ధతిని అండర్సన్, హైన్స్ అనే వైద్యులు 1949లో వివరించారు. నేటికీ సూత్రం అదే. మారినది లోనికి పోయే దారి. 1993లో పెద్దలలోనూ, 1995లో పిల్లలలోనూ లాప్రోస్కోపీ ద్వారా ఈ చికిత్స జరిగినట్లు ప్రచురితమైంది. మూడు నుండి ఐదు మిల్లీమీటర్ల రంధ్రాల గుండా కెమెరాను, పనిముట్లను పంపి, తలవెంట్రుక వంటి దారంతో లోపలే కుట్లు వేస్తారు. పొట్టలోకి పంపే బొగ్గుపులుసు వాయువు ఒత్తిడిని పసివారిలో తక్కువగా ఉంచాలి. లేకుంటే ఉదరవితానం పైకి నెట్టబడి శ్వాసకు అవరోధమవుతుంది.

నొప్పి తక్కువ, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తక్కువ. అయితే ఏడాదిలోపు శిశువులలో రెండు మూడు సెంటీమీటర్ల కోతతో చేసే సంప్రదాయ చికిత్స కూడా ఇంచుమించు ఇవే ఫలితాలనిస్తుంది. అనుభవజ్ఞుల చేతిలో రెండింటి సాఫల్యమూ నూటికి తొంభై పైనే. కనుక మచ్చ ఎంత చిన్నదన్న ప్రశ్న కన్నా, చికిత్స ఎవరికి, ఎప్పుడు అన్న ప్రశ్న ముఖ్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండు మూత్రపిండాల పనిలో ఉబ్బిన దాని వాటా ఐసోటోపు స్కానులో నలభై శాతం కన్నా తగ్గినా, వరుస పరీక్షలలో పడిపోతున్నా, వాపు పెరుగుతున్నా శస్త్రచికిత్సను సూచిస్తారు.

ఆ వరుస పరీక్షలే చోడవరం వంటి చోట్ల తెగిపోయే అవకాశం ఉంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ చెరకు ప్రాంతానికి పిల్లల శస్త్రచికిత్స నిపుణులు విశాఖలోనే అందుబాటు. స్కానింగు ఒక ఊరిలో, పురుడు పుట్టింటి ఊరిలో. నివేదిక తల్లి కాగితాలలోనే ఉండిపోతుంది. రెండవ మూత్రపిండం పని నెట్టుకొస్తుంది కనుక బిడ్డలో లక్షణమేదీ కనిపించదు, రక్తపరీక్షా పట్టివ్వదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పేర్కొన్న తొమ్మిది జన్మలోపాలలో మూత్రపిండ లోపం లేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసుపత్రి ఖర్చు భారాన్ని తగ్గించగలవు కానీ పోయిన కూలిని తిరిగి ఇవ్వలేవు.

శస్త్రచికిత్స తరువాతా ఇదే చిక్కు. కుట్టు మానేవరకు లోపల ఉంచే స్టెంటును సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలలో తీయాలి. పసివారికి అందుకూ మత్తు అవసరం. కోతలు మానాయి కదా అని తీయించడం మరచిపోతే దానిపై రాళ్లు పేరుకుంటాయి.

పుట్టిన మొదటి రెండు రోజులలో మూత్రం తక్కువగా తయారవుతుంది కనుక అప్పటి స్కానులో వాపు కనిపించకపోవచ్చు. అందుకే నాలుగు నుండి ఆరు వారాల మధ్య మళ్లీ చేయాలి. ఆరవ వారపు టీకాకు తల్లి బిడ్డను ఎలాగూ తీసుకువస్తుంది. గర్భంలో కనిపించిన వాపును మాతా శిశు సంరక్షణ కార్డులో టీకాల పుటపైనే వ్రాసి ఉంచితే, టీకా వేసే ఏఎన్ఎం ఆ రోజే స్కానింగుకు పంపగలదు.