ఇంటి దగ్గర మిగిలిన బిడ్డను అడిగేదెవరు?

బీర్కూర్: పొద్దున్నే బాన్సువాడ బస్సెక్కి, అక్కడి నుంచి హైదరాబాదు దారి పట్టే తల్లిదండ్రుల వెంట మందుల చీటీల సంచి, సద్ది మూట, ఒళ్లో జబ్బుపడిన బిడ్డ. తిరిగి వచ్చిన రోజున ఊరంతా ఆ బిడ్డ గురించే అడుగుతుంది. 'రక్తం ఎక్కించిండ్రా? అన్నం తింటున్నడా?' అని నలుగురూ ఆపి మరీ పరామర్శిస్తారు. నానమ్మ దగ్గర వదిలి వెళ్లిన రెండో బిడ్డను పలకరించేవారు తక్కువ. పలకరించినా 'తమ్మునికెట్లున్నది?' అనే అడుగుతారు.

క్యాన్సర్ పెద్దల రోగమని చాలా మంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పందొమ్మిదేళ్ల లోపు వారికి ఈ జబ్బు వస్తున్నది. చిన్న పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సర్. సకాలంలో వైద్యం అందితే ఎక్కువ మంది బతికి బయటపడతారు. అయితే వైద్యం నెలా రెండు నెలల్లో తెమిలేది కాదు, రెండు నుంచి మూడేళ్లు పడుతుంది.

2016లో జిల్లా వేరుపడి కామారెడ్డి అయినా, పిల్లల క్యాన్సర్ వైద్యానికి ఇక్కడి వారు ఎక్కువగా హైదరాబాదుకే వెళ్లాల్సి వస్తున్నది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దశాబ్దాలుగా పేదలకు దిక్కుగా ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఖర్చుల భారం కొంత తగ్గింది. కానీ ఇంటి దగ్గర ఉన్న బిడ్డ ఆ రెండేళ్లూ ఎట్లా గడుపుతాడన్న సంగతి ఏ కార్డులోనూ లేదు. రెండేళ్లంటే నిజాంసాగర్ ఆయకట్టు కింద నాలుగు కోతలు. మూడో తరగతి పిల్లవాడు ఐదుకు వస్తాడు.

తనంతట తాను అల్లుకునే కథ

పసివాడికి చెబితే భయపడతాడని పెద్దలు చెప్పరు. వాడు ఫోను మాటలు వింటాడు, అమ్మ కళ్లు చూస్తాడు, అరుగు మీద ముసలమ్మల గుసగుసలు వింటాడు. ముక్కలు ముక్కలుగా విన్నదానితో తనే ఒక కథ అల్లుకుంటాడు. ఆ కథ చాలాసార్లు అసలు సంగతి కన్నా ఘోరంగా ఉంటుంది. మంజీర ఇసుకలో ఆడుకుంటూ తమ్ముణ్ని నెట్టేసినందుకే జబ్బు వచ్చిందనుకుంటాడు. కొట్లాటలో 'సచ్చిపో' అన్న మాట తగిలిందనుకుంటాడు. ఒకే కంచంలో తిన్నాను గనుక రేపు నాకూ వస్తుందనుకుంటాడు. ఇవేవీ నిజం కాదు. క్యాన్సర్ అంటురోగం కాదు. దెబ్బ తగిలితే రాదు, తిడితే రాదు. అడిగినా అడగకపోయినా ఈ మాట బిడ్డకు విడమరిచి చెప్పాలి, ఒక్కసారితో ఊరుకోకూడదు.

అసూయ కూడా ఉంటుంది. తమ్మునికి ఆపిల్ పండ్లు, బొమ్మలు. తనకు ముందురోజు పప్పు. అసూయ పడ్డందుకు మళ్లీ తనను తానే తిట్టుకుంటుంది ఆ పిల్ల. కొందరు అల్లరి చేస్తారు, పక్క తడుపుతారు, బడికి వెళ్లే వేళకు కడుపునొప్పి అంటారు. దొంగ నొప్పి అని కొట్టడం తగదు. అసలు కనిపెట్టాల్సింది అల్లరి చేయని పిల్లను. అడగకుండానే అంట్లు తోమి, బర్రెకు గడ్డి వేసి, ఏదీ కోరని పిల్లను 'బంగారు తల్లి' అని ఊరు మెచ్చుకుంటుంది. ఆ పిల్లే మెల్లగా బడి మానుతుంది. నాట్ల కాలంలో వంటకు మనిషి లేరని మొదట నాలుగు రోజులు ఆపుతారు, తర్వాత ఆ సంగతే మరిచిపోతారు.

పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం 1999లోనే తోబుట్టువుల కోసం ప్రత్యేకంగా సూచనలు వెలువరించింది. జబ్బు తేలిన మొదటి రోజుల నుంచే వారికి ఈడుకు తగినట్టు నిజం చెప్పాలని వైద్యులు అంటున్నారు. 2015లో అమెరికా నిపుణులు రూపొందించిన మానసిక సేవల ప్రమాణాల్లోనూ తోబుట్టువులకు ఆసరా ఒకటి. అక్కడ వారి కోసం వేసవి శిబిరాలు కూడా నడుపుతారు. మన పల్లెల్లో శిబిరాలు లేకున్నా మేనమామలు, పిన్నమ్మలు, బడి పంతుళ్లు ఉన్నారు.

పంతులుగారికి తల్లిదండ్రులు ముందే సంగతి చెబితే హోంవర్కు చేయలేదని దెబ్బ పడదు, తోటి పిల్లలు 'మీ ఇంట్ల క్యాన్సరున్నది, దూరం జరుగు' అనకుండా ఆయనే చూసుకుంటారు. రోజూ ఒక వేళకు అమ్మ ఫోను చేసి, రోగి సంగతి పక్కనబెట్టి, ఈ బిడ్డ సంగతే పది నిమిషాలు అడగడం పెద్ద మందు. రాఖీ పున్నమికి తమ్ముడు వార్డులో ఉంటే అక్క చేత్తో తయారైన రాఖీని నాయిన చేతికిచ్చి పంపవచ్చు.

ఆటలమ్మ వస్తే

వైద్యం సాగే రోజుల్లో రోగి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఇంట్లో ఇంకొకరికి ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే అది ప్రమాదం. వెంటనే రోగిని వేరుగా ఉంచి, ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేయాలి. కాగా ఆ హడావుడిలో జ్వరం వచ్చిన బిడ్డను 'నీ వల్లనే' అనడం మాత్రం దారుణం.

కొందరికి మూలుగ మార్పిడి అవసరమవుతుంది. సొంత తోబుట్టువుల్లో ఒక్కొక్కరి మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సరిపోతే, ఇచ్చినది కొద్ది వారాల్లో మళ్లీ ఊరుతుందని చెప్పాలి, భయం తీర్చాలి. సరిపోకపోతే తన వల్ల కాలేదని కుమిలే పిల్లలూ ఉంటారు.

బిడ్డ దక్కని ఇళ్లూ ఉన్నాయి. అప్పుడు 'ఊరికి పోయిండు', 'నిద్రపోతున్నడు' అని చెప్పడం మంచిది కాదు. ఆ మాట నమ్మిన పిల్లలు ఎదురుచూస్తారు, కొందరు రాత్రి నిద్రపోవడానికే జంకుతారు. చనిపోయాడనే చెప్పాలి. కడసారి చూస్తానంటే ఎవరైనా దగ్గరివారు చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. ఏడాది గడిచాక తమ్ముని పేరెత్తినా 'ఊకో, అమ్మ ఏడుస్తది' అని నోరు మూయించకూడదు.

వారాల తరబడి తిండి, నిద్ర, బడి మూడూ చెడితే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.