వైడ్ యాంగిల్ లెన్స్‌కి ఏ ఫిల్టర్ కొనాలి?

కొత్త వైడ్ యాంగిల్ లెన్స్ రాగానే చాలామంది ముందు కొనేది సీపీఎల్, అంటే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్. ఆకాశం ముదురు నీలంగా వస్తుందని ఆశ. కానీ వైడ్ లెన్స్‌తో చిక్కు అక్కడే ఉంది!

పోలరైజర్ ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఉన్న ఆకాశం మీదే ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 16 ఎంఎం లెన్స్ అడ్డంగా దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది. దాంతో ఒకే ఫొటోలో ఒకచోట ముదురు నీలం పట్టీ, పక్కనే వెలిసిపోయిన ఆకాశం వస్తాయి. ఎడిటింగ్‌లో సరిచేయడం తలనొప్పే. అందుకే ఆకాశం ఎక్కువగా కనిపించే ఫ్రేమ్‌లో సీపీఎల్ తీసేయండి. తడి రాళ్లు, ఆకులు, నీటి మీద మెరుపు తగ్గించడానికి మాత్రం అది సూపర్.

జలపాతం పాలధారలా రావాలంటే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. 6 స్టాప్ ఎన్‌డీ వెలుతురులో 64వ వంతునే లోపలికి వదులుతుంది. అంటే 1/30 సెకను షట్టర్ కాస్తా సుమారు 2 సెకన్లవుతుంది. ట్రైపాడ్ తప్పనిసరి.

కొనేముందు మూడు చూసుకోండి:

• ఫిల్టర్ మీద ఫిల్టర్ బిగిస్తే ఫొటో మూలలు నల్లబడతాయి. స్లిమ్ ఫ్రేమ్ ఒక్కటే వాడండి.

• మీ లెన్సుల్లో పెద్ద సైజుకే ఫిల్టర్ కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగ్ పెట్టుకోండి. డబ్బు మిగులుతుంది.

• నికాన్ 14-24 ఎంఎం ఎఫ్/2.8జీ లాంటి, ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండే లెన్సులకు మామూలు స్క్రూ ఫిల్టర్ పట్టదు. ప్రత్యేక హోల్డర్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

బడ్జెట్ ఒక్కదానికే ఉందా? మా ఓటు 6 స్టాప్ ఎన్‌డీకే. ఆకాశం నీలాన్ని ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు, నీటి కదలిక మాత్రం అంత తేలిగ్గా రాదు.