పురుషుని రక్తమున పిండచిహ్నములు

ఇరువది ముప్పది యేండ్ల ప్రాయపు యువకునకు స్నానము చేయుచుండగా ఒక వృషణమున నొప్పి లేని గట్టి గడ్డ చేతికి తగులును. ఆనాడే వైద్యుని కడకు పోవలసినవాడు, ఇంట తల్లిదండ్రులకు చెప్పజాలక, స్నేహితులతో చెప్పుకొన మనసొప్పక, నెలలకు నెలలు సిగ్గుతో గడపివైచును. ఈ సిగ్గు ఎంత హానికరమో చెప్పనలవి గాదు. ఏలయన, నయమగు క్యాన్సర్లలో వృషణ క్యాన్సర్ ముందువరుసలోనిది; దాని జాడ తీయుటకు ముంజేతి నరమునుండి తీసిన కొద్దిపాటి నెత్తురు చేయు సాయమును అసామాన్యమైనది.

వృషణమున పుట్టు కంతులలో అత్యధికభాగము బీజకణములనుండి జనించునవే. సమస్తదేహనిర్మాణశక్తిని తనలో దాచుకొన్న ఆ కణము దారి తప్పెనా, మాతృగర్భమున మాత్రమే జరుగదగిన పనులను పురుషదేహమున ఆరంభించును. పిండమునంటియుండు పచ్చసొనసంచియు, పిండపు కాలేయమును తయారుచేయు ఆల్ఫా ఫీటోప్రొటీన్ అను మాంసకృత్తును కొన్ని కంతులు స్రవించును. దీనినే ఏఎఫ్‌పీ యందురు. మరికొన్ని, గర్భిణి మాయ పుట్టించు హెచ్‌సీజీ అను హార్మోనును రక్తములోనికి విడుచును. గర్భనిర్ధారణకై స్త్రీల మూత్రమున వెదకునది ఈ హెచ్‌సీజీనే. 1920ల చివర బెర్లిన్ నగరమున ఆష్‌హైమ్, జోండెక్ అను శాస్త్రజ్ఞులు గర్భిణుల మూత్రమును చుంచెలుకలకు సూదితో ఎక్కించి గర్భమును నిర్ణయించు విధానమును కనుగొనగా, అచిరకాలముననే అది వృషణపు కంతి గల కొందరు పురుషులయందును ఫలించుట కానవచ్చెను. మూడవదియగు ఎల్‌డీహెచ్ దేహమందలి కణములన్నిటను ఉండు ఎంజైము. అది హెచ్చినంత మాత్రమున క్యాన్సర్ అనరాదుగాని, వ్యాధి ఎంత మేర ప్రబలినదో అంచనా కట్టుటకు తోడ్పడును.

అంకెలు మామూలుగా నున్నవని కంతి లేదనుకొనుట పొరపాటు. సెమినోమా అను రకమున పెక్కుమందికి అవి పెరుగనే పెరుగవు. కొందరికి హెచ్‌సీజీ కొంత హెచ్చవచ్చును, ఏఎఫ్‌పీ మాత్రము హెచ్చదు. కావుననే, సూక్ష్మదర్శిని క్రింద కంతి అచ్చముగా సెమినోమావలె కనబడినను, రక్తమున ఏఎఫ్‌పీ ఆ కంతి మూలముననే పెరిగినదని తేలినచో, వైద్యులు దానిని సెమినోమాగా నెంచక వేరు రకముగా చికిత్స చేయుదురు. కాలేయవ్యాధులలోను ఏఎఫ్‌పీ పెరుగును గనుక, అల్ట్రాసౌండును రక్తపరీక్షను కలిపి చూడవలసినదే.

ఈ పరీక్షల అసలు మహిమ శస్త్రచికిత్స తరువాత తెలియును. గజ్జకడ కోసి వృషణమును తీసివేయుటకు మునుపొకసారి, పిదప మరల మరల రక్తము తీయుదురు. కంతి నిశ్శేషముగా పోయినచో, ఏఎఫ్‌పీ సుమారు 5 నుండి 7 దినముల కొకసారి సగమగును. హెచ్‌సీజీ ఇంకను త్వరగా, ఒకటి రెండు దినములలోనే సగపడును. ఏఎఫ్‌పీ 800 ఉన్న యువకుని తలపోయుడు: వారమునకు 400, రెండు వారములకు 200, మూడింటికి 100, ఇట్లు తరుగుచు ఏడవ వారమునకు 10కి దిగువకు వచ్చును. మూడవ వారమునను 300 వద్దనే నిలిచినచో, వ్యాధి మరియొకచోట మిగిలియున్నదని అనుమానింపవలెను. అది తరచుగా కడుపు వెనుక, పెద్ద రక్తనాళముల చెంత నుండు శోషరసగ్రంథులలో దాగును. వృషణము పిండదశలో మూత్రపిండముల సమీపముననే పుట్టి క్రిందికి దిగినది గనుక దాని శోషరసము నేటికిని అచ్చటికే పోవుచుండును.

అట్లు మిగిలినను నిరాశపడ పనిలేదు. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్, అప్పటికి మందులకు లొంగక వ్యాపించిన వ్యాధితో నున్న జాన్ క్లీలండ్ అను విద్యార్థికి సిస్‌ప్లాటిన్ అను ప్లాటినపు ఔషధమును ఇతర మందులతో కలిపి ఇచ్చెను. ఆ యువకుడు స్వస్థుడయ్యెను. నేడు ఆ మందు ఇచ్చునప్పుడును ఈ అంకెలనే చూచుచుందురు. మొదటి దినములలో చచ్చు కణములనుండి వెలువడి అవి ఒకింత ఎగసినను బెదరరాదు, తరువాత దిగుచున్నవా యనునదియే ముఖ్యము.

నయమైన పిదపను కొన్నియేండ్లు పరీక్షలు మానరాదు. వ్యాధి తిరుగబెట్టినచో కొన్నిసార్లు స్కానున ఏమియు కనబడకమునుపే ఈ అంకెలు కదలును. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించి, పాత కాగితములను తేదీల వరుసన కట్టగట్టి వెంట తీసికొనిపోయినచో, వైద్యుడు ఆ వరుసను వ్రేలితో దిద్దుచు చదివికొనును.