పాళీ మారిన కలము

విజయనగరపు గంటస్తంభము చుట్టునుగల అంగళ్లలోను, శ్రీకాకుళపు బజారులోను సిరాకలము విద్యార్థికి తోడునీడగా నుండిన కాలమున, పాళీ యొకటి చెడినంతమాత్రమున కలమును పారవేయవలెనన్న తలంపు ఎవ్వరికిని కలిగెడిది కాదు. పాళీ విడిగా దొరకెడిది. పాళీకి సిరానందించు నాలుక విడిగా దొరకెడిది. పరీక్షలు దగ్గరపడగా పాళీచీలికలో గడ్డపుబ్లేడు నడిపి, గరుకుమొనను పలకమీద రుద్ది, అప్పటికిని వ్రాత సాగకున్నచో పాత కలమునకే కొత్త పాళీ దిగవేయించుకొనుట సర్వసాధారణము. ఒక కలపు పాళీని వేరొక కలమునకు తొడుగు ఈ వినిమయము పేదరికము నేర్పిన ఉపాయమని తలచువారు కలరు. నాకు మాత్రము అది సిరాకలముయొక్క నిర్మాణములోనే ఇమిడియున్న గుణముగా తోచుచున్నది.

కదలెడి చక్రమొకటైనను లేని ఈ వస్తువులో నడచునదంతయు గాలికిని సిరాకును మధ్య జరుగు బేరమే. గొట్టమునుండి ఎంత సిరా వెలువడునో అంత గాలి లోనికి పోవలెను. పోనిచో వ్రాత నిలిచిపోవును, మితిమీరి పోయినచో కాగితము పాడగును. 1827లో పారిసునందు చదువుచుండిన పెట్రాకె పొయెనారు అను రుమేనియా విద్యార్థి తన సిరాకలమునకు ఫ్రెంచి పేటెంటు పొందెను గాని, ఆ బేరము చక్కగా కుదురుటకు చాలకాలము పట్టినది. 1884లో అమెరికా దేశస్థుడైన లూయీ వాటర్‌మన్ పేటెంటు పొందిన కలములో పాళీక్రిందనుండు నాలుకకు సన్నని గాళ్లు కోయబడి, సిరా దిగుటకును గాలి ఎక్కుటకును ఏకకాలమున దారి యేర్పడెను. సన్నని సందులో ద్రవము తనంతట ప్రాకు ధర్మమే కేశనాళికాకర్షణము. నాలుకగాడిలోను పాళీచీలికలోను సిరాను మొనవరకు నడిపించునది అదియే.

కాబట్టి పాళీయు నాలుకయు దంపతులు. వానినడుమ వెంట్రుకవాసి యెడమున్నను సిరా తెగిపోవును. గొట్టములో సిరా తగ్గి గాలి పెరిగినప్పుడు చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెట్టుటయే మనవారు కలము కక్కినదని విసుగుకొను చర్య. ఆ పొంగును కొంతవరకు పట్టి యుంచుటకే నాలుకకు దువ్వెనపండ్లవంటి రెక్కలు తీర్తురు. పాళీ మార్చువాడు ఈ సంబంధమును ఎరుగక, మొన అందమునే చూచి తొడిగినచో దొరకునది కొత్త కలము కాదు, కొత్త తంటా.

ఇక మన దేశమునకు వత్తము. పొందూరు ఖద్దరునకు మన్నన తెచ్చిన స్వదేశీభావమే రాజమహేంద్రవరములో కోసూరి వెంకటరత్నముగారి కలమునకును ఖ్యాతి తెచ్చినది. ఆయన చేసిన కలము అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధిమహాత్మునకు చేరగా, దానిని వాడి చూచి, బజారులోని విదేశీ కలములకు అది తగిన మారుగా నున్నదని సంతసించుచు మహాత్ముడు 1935 జూలై 16వ తేదీన వార్ధానుండి ఉత్తరము వ్రాసెను. ఈ కలములు ఎబొనైటు కడ్డీలను లేతుమీద తరిగి తీర్చినవి. రబ్బరులో గంధకమును హెచ్చుగా కలిపి వేడిచేయగా గట్టిపడిన పదార్థమే ఎబొనైటు. ఎండతగిలిన కొలది దాని నలుపు గోధుమవన్నెకు తిరుగును గాని, సిరా దానిని ప్లాస్టిక్కుకంటె చక్కగా అంటుకొనును.

నాలుకను సైతము ఎబొనైటుతో చేసినచో వేరొక సౌలభ్యము కలదు. వేడినీటిలో కొంతసేపుంచిన యెడల అది మెత్తబడును. అప్పుడు పాళీతో కలిపి బొటనవ్రేలితో అదిమి చల్లారనిచ్చినచో ఆ పాళీవంపునే తన వంపుగా చేసికొనును. మూసలో పోసిన ప్లాస్టిక్కు నాలుకకు ఈ విధేయత లేదు. అదియునుగాక, చేతిలేతుపై పనిచేయు కార్మికుడు పాళీని ఎదుట పెట్టుకొని, దానికి సరిపడునట్లు, పాళీని నాలుకను పట్టియుంచు పీకలోని రంధ్రమును తొలువగలడు. కర్మాగారమునకు సాధ్యము కాని ఔదార్యమిది.

కర్మాగారములన్నియు ఒకే త్రోవను పోలేదు. అమెరికాలోని ఎస్టర్‌బ్రూక్ సంస్థ పాళీని నాలుకతో సహా మరచుట్టుగల ఒక్క తునకగా అమర్చి, అంకెలవారీగా అమ్మెను. లేఖకుడు 2668 పాళీని విప్పి, మిక్కిలి సన్నగా వ్రాయుచు ఒత్తిడికి సాగు 9128ని తానే బిగించుకొనగలిగెను. 1929లో సిరాకలములను ప్రారంభించిన జర్మనీ సంస్థ పెలికన్ నేటికిని ఎం200 కలపు పాళీ ఎం400కు పట్టునట్లు చేయుచున్నది. 1941లో వెలువడిన పార్కర్ 51 మాత్రము పాళీని ముసుగులో దాచినది. ఆ కలము మిక్కిలి సొగసైనదే, నిరాటంకముగా వ్రాయునదే. కాని దాని గొట్టపుపాళీ మరియొక జాతి కలమునకు పనికిరాదు. మన ఇండ్లలో పెక్కుకాలము జేబుల నలంకరించిన చైనా హీరో కలములలో పెక్కింటి ముసుగురూపము ఆ పార్కర్ నీడయే.

నేడు పాళీలను 5, 6 అను అంకెలతో పిలుచుచున్నారు. ఇవి వాడుకవలన స్థిరపడినవే గాని ఏ శాస్త్రపీఠమును విధించినవి కావు. జర్మనీకి చెందిన యోవో, బాక్ సంస్థల 6వ నంబరు పాళీలు పెక్కుసారులు ఒకదాని స్థానమున మరియొకటి అమరును గాని, వానిని పట్టియుంచు మరతొడుగులు ఒకదానికొకటి పట్టవు. ఈ భేదము తెలియక బలముగా త్రిప్పి పీక పగులగొట్టుకొనువారు కలరు. పాత కలమును విప్పదలచువారు ముందుగా గోరువెచ్చని నీటిలో నానవేసి, ఎండిన సిరాను కరగనిచ్చి, పాళీని నాలుకను కలిపి గుడ్డతో పట్టి తిన్నగా లాగవలెను, పట్టకారు వాడరాదు. తొడిగిన పిదప వెలుగునకెత్తి, రెండు కొనలును నాలుకమధ్యమున సమముగా నిలిచినవా యని చూడవలెను.

రాజమహేంద్రవరములో ఎబొనైటు కలములు ఇప్పటికిని తయారగుచున్నవి. విజయనగరమునుండి అచ్చటికి రైలులో ఒకపూట ప్రయాణము. తాతగారి కలము విరిగి పాళీ మిగిలియున్నవారు దానిని పొట్లము కట్టుకొని వెళ్లి, దీనికి సరిపడు పీకను తొలచి ఇమ్మని అడుగవలసినదిగా నా మనవి.